చత్వారం వచ్చిన కళ్ళు, అద్దాల్లేని బస్సు

కిందటి చలికాలంలో మావారికి మెడనొప్పి పట్టుకుంది. డ్యూటీ దిగి ఇంటికి రాగానే అమృతాంజనం సీసా కోసం వెతుక్కోవడం, నేను వేడినీళ్ళ సంచీ తెచ్చి మెడ మీద పెట్టడం రోజూ ఇదే తంతు. దిండు మార్చమని నేను, సీటు బాగాలేదని ఆయన. పదిహేను రోజులు ఆ దిండునే తిట్టుకుంటూ గడిపేశాం.

మేముండేది తూర్పు లండన్‌లో. మావారు సిటీ బస్సు డ్రైవరు. పద్నాలుగేళ్ళ సర్వీసు. మా నాన్న కూడా ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అందుకే "డ్రైవరు కూతురికి డ్రైవరు మొగుడే రాసిపెట్టి ఉన్నాడు" అని మా పిన్ని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఈయన ఫోన్‌లో ఏదో చదువుతున్నారు. రెండు పవర్ల కళ్ళద్దాలు కదా, గడ్డం పైకెత్తి, కళ్ళు కిందికి దించి, అద్దం కింది సగంలోంచి చూస్తున్నారు. నాకు చటుక్కున అనుమానం వచ్చింది.

"ఏవండీ, బస్సులో కూడా ఇలాగే మెడ ఎత్తుతున్నారా?"

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు. వాళ్ళ గ్యారేజీకి కొత్త బస్సులొచ్చాయి. వాటికి బయట పక్క అద్దాలుండవు. ఆ చోట పైన చిన్న కెమెరాలుంటాయి. అవి చూసింది డ్రైవరుకి అటూ ఇటూ ఉన్న తెరల మీద కనిపిస్తుంది. "పగలు ఎలాగో నెట్టుకొస్తున్నాను. సాయంత్రమయ్యేసరికి ఆ తెర మసగ్గా ఉంటోంది. నా కళ్ళు పోతున్నాయేమో" అన్నారు.

ఆ మాటకి నా గుండె జారింది. ఇక్కడ బస్సు, లారీ నడిపేవాళ్ళు నలభై అయిదేళ్ళ నుంచి అయిదేళ్ళకోసారి డాక్టరు పరీక్ష పాసైతేనే లైసెన్సు నిలుస్తుంది. అందులో కళ్ళు ముఖ్యం. ఈయనకిప్పుడు యాభై రెండు. మళ్ళీ పరీక్ష యాభై అయిదుకి. పిల్ల యూనివర్సిటీలో ఉంది, పిల్లవాడింకా స్కూల్లో. ఇంటికొచ్చే జీతం ఒక్కటే. అందుకే ఈయన ఎవరికీ చెప్పకుండా మెడ నొప్పిని మోస్తున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ కెమెరాల సంగతి చదవడం మొదలుపెట్టాను. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, యంత్రాల గురించి నాకేం తెలుసు! అయినా మన ఇంటి మనిషిది కదా, ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది.

బస్సుకి అద్దాలు తీసేయడమంటే ఎవరి ఇష్టం వాళ్ళది కాదట. వాహనాల అద్దాలకు ఐక్యరాజ్యసమితి నియమం ఒకటుంది, 46వ నంబరు. అద్దాల బదులు కెమెరా, తెర పెట్టుకోవడానికి 2016లో దాంట్లో దారి ఇచ్చారు. ఎలా పడితే అలా పెట్టడానికి వీల్లేదు. అద్దంలో ఎంత మేర కనిపించాలో తెరలోనూ అంతా కనిపించాలి. కెమెరా చూసింది తెర మీదికి రావడానికి 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు, దాటకూడదు. ఇక లండన్‌లో 2030 నాటికి బస్సు వల్ల గానీ బస్సులో గానీ ఒక్కరు కూడా చనిపోకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. అందుకోసం 2018లో తెచ్చిన బస్సు భద్రతా ప్రమాణాల్లో ఈ కెమెరాలూ ఉన్నాయి.

మంచి లేకపోలేదు. బస్టాపులో అంచుకి నిలబడ్డవాళ్ళ తలకి బస్సు అద్దం తగలడం ఇక్కడ ఉన్న బాధే. కెమెరా పైన ఉంటుంది, పొట్టిగా ఉంటుంది. ఆ భయం తగ్గుతుంది. ఈ ఊళ్ళో చలికాలం నాలుగింటికే చీకటి, పైగా ఎడతెగని ముసురు. కిటికీ అద్దం మీద నీటిబొట్లు, దాని అవతల అద్దం మీద మళ్ళీ నీటిబొట్లు. ఆ రెండింటిలోంచి సైకిలు వాణ్ణి వెతుక్కోవాలి. కెమెరా అయితే చీకట్లోనూ తేటగా చూపిస్తుంది. వాన రోజుల్లో అదే మేలని ఈయనే ఒప్పుకున్నారు.

మరి మసక ఎందుకు? అక్కడే నాకో మాట గుర్తొచ్చింది. చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటితే దగ్గరివి ఆనవు కాబట్టి మన పెద్దవాళ్ళు దానికి ఆ పేరే పెట్టారు. బియ్యంలో రాళ్ళు కనపడక, సూదిలో దారం ఎక్కక మనమంతా పడుతున్న అవస్థ అదే.

అద్దం అద్దమే, తెర తెరే. అద్దంలో బొమ్మ అద్దం మీద ఉండదు, దాని వెనకాల ఉన్నట్టుంటుంది. బస్సుకుండేవి ఉబ్బెత్తు అద్దాలు కాబట్టి మరీ దూరంగా ఉండదు గానీ, కిటికీ బయటి అద్దానికి ఇంకాస్త అవతల ఉంటుంది. తెర మీది బొమ్మ తెర మీదే ఉంటుంది, అదీ లోపల, డ్రైవరుకి దగ్గరగా. దూరపు రోడ్డు చూసే కన్ను క్షణంలో దగ్గరి తెరకి సర్దుకోవాలి, మళ్ళీ రోడ్డుకి పోవాలి. షిఫ్టంతా ఇదే పని. పాతికేళ్ళ కుర్రాడి కంటికి అది పనే కాదు. యాభై రెండేళ్ళ కంటికి కష్టం. పైగా తెర ఉండేది కంటి ఎత్తులో. ఈయన కళ్ళద్దాల పై సగం దూరానికి, కింది సగం దగ్గరికి. దగ్గరున్న తెరని దూరపు అద్దంలోంచి చూస్తే మసకే. అందుకే తెలియకుండానే గడ్డం ఎత్తుతున్నారు.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "అద్దంలో సరిగా కనపడకపోతే కాస్త ముందుకి వంగేవాణ్ణమ్మా, పక్కనున్నది కూడా కనిపించేది. దీంట్లో వంగితే కనిపిస్తుందా?" అని అడిగారు. ఈయన పక్కనుంచి, "లేదు మామయ్యా, ఎంత వంగినా అదే బొమ్మ. మొదట్లో వెనక వచ్చేది ఎంత దూరంలో ఉందో కూడా అంచనా దొరకలేదు" అన్నారు. తను ఇబ్బంది పడుతున్నానని ఈయన ఇంకొకరితో అనడం అదే మొదటిసారి.

మర్నాడే కళ్ళద్దాల షాపుకి పట్టుకెళ్ళాను. వెళ్ళేముందు ఒక పని చేయించాను. బస్సు ఆగి ఉన్నప్పుడు సీట్లో కూర్చుని, కంటి దగ్గర్నుంచి రెండు తెరలకీ ఎంత దూరమో నా కుట్టు టేపుతో కొలిపించాను. పరీక్ష చేసినామె ఆ కాగితం చూసి నవ్వింది. కళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయి, దూరపు చూపు లైసెన్సుకి సరిపోతుంది అంది. ఆ కొలతల ప్రకారం మధ్య దూరం కూడా బాగా కనిపించే అద్దాలు రాసింది. ఓరకంటితో కాకుండా తెర వైపు ముక్కు తిప్పి చూడమంది.

గ్యారేజీలో చెప్పడానికి ఈయనకి ఇంకో వారం పట్టింది. చెబితే బండి దింపేస్తారని భయం. తీరా చెబితే ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు యార్డులో ఇంకో రెండు పూటలు నడిపించారు. రాత్రిపూట తెర వెలుగు తగ్గించుకోవడం చూపించారు. ఈయన నోరు తెరిచాక, ఆ వయసు వాళ్ళే మరో ముగ్గురు తమకీ అలాగే ఉందన్నారట. అందరూ ఎవరి ఇంట్లో వాళ్ళు మెడకి బామ్ రాసుకుంటున్నారన్నమాట!

మెడనొప్పి నెల తిరిగేసరికి తగ్గింది. బస్సులో పెట్టే కెమెరాకి పరీక్షలున్నాయి, ముద్ర ఉంది. దాన్ని చూసే కళ్ళ సంగతి మాత్రం ఇంట్లో మనమే కనిపెట్టాలి. మీ ఇంట్లో కూడా లారీయో బస్సో నడిపే మగవాళ్ళుంటే, కొత్త బండి వచ్చిందంటే ఒక్క ప్రశ్న అడగండి. తెర ఎంత దూరంలో ఉంది, మీకు తేటగా కనిపిస్తోందా అని. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

మొన్న కూరగాయల సంచీతో స్టాపులో నిలబడి ఉంటే ఈయన బస్సే వచ్చింది. ఇదివరకు అద్దం తగులుతుందేమోనని రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. ఆ రోజూ అలవాటుగా వేశాను. లోపల ఈయన తెర వైపు ముక్కు తిప్పి చూశారు, గడ్డం ఎత్తలేదు. నేనెక్కి కార్డు ఆనించగానే, "వెనక్కెందుకు జరిగావు, తెరలో కనిపించావులే" అన్నారు.