మెట్టుగూడలో ఎండ, డల్లాస్‌లో మంచు

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ పిల్లలం చాలామంది పక్కనే ఉన్న లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో పుట్టినవాళ్లమే. అక్కా అంతే. కానీ అక్క తొలి కాన్పు డల్లాస్‌లో వచ్చింది. కోవిడ్ వల్ల అమ్మకి వీసా ఇంటర్వ్యూ డేటే దొరకలేదు.

2021 ఫిబ్రవరి 16, మంగళవారం. మాకిక్కడ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అక్కడ మైనస్ 19 డిగ్రీలు! 1949 తర్వాత డల్లాస్‌లో అంత చలి లేదట. ముందురోజు నుంచే కరెంటు కోతలు. టెక్సాస్ గ్రిడ్ దాదాపు విడిగా ఉంటుంది, పక్క రాష్ట్రాల నుంచి పెద్దగా కరెంటు తెచ్చుకోలేదు. 45 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి. బావ కార్లో కూర్చుని ఫోన్ చార్జ్ చేసుకుంటున్నాడు. వీడియో కాల్స్ బంద్.

'నొప్పులు మొదలయ్యాయి, బయల్దేరుతున్నాం' అన్నదే చివరి మెసేజ్. రోడ్ల మీద గడ్డకట్టిన మంచు. మేం పంపినవన్నీ ఒకే టిక్కు దగ్గర ఆగిపోయాయి.

సాయంత్రం అమ్మ చెప్పులేసుకుంది. మెట్రో పిల్లర్లు దాటి సెయింట్ ఆంథోనీస్ చర్చికి వెళ్లాం. మంగళవారం కదా, జనం. అమ్మలాగే కుంకుమ బొట్టుతో వచ్చినవాళ్లు చాలామందే కనిపించారు (మెట్టుగూడలో ఇదేం వింత కాదు). కొవ్వొత్తి వెలిగించి, "ఆ పిల్లకి అక్కడ వేణ్నీళ్లైనా దొరుకుతాయా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

రాత్రి మూడింటికి ఫోన్ మోగింది. బావ మెసేజ్.

'పాప. ఇద్దరూ బాగున్నారు. ఇంటికి కరెంటు ఇంకా రాలేదు.'