ఒక్కటే కుర్చీ

ఎడమచేతి వాటం స్పిన్నర్లలో అందరికంటే గొప్పవాడెవరు? ఈ ప్రశ్న మా ఇంట్లో లేచిందంటే ఆ పూట అన్నం చల్లారిపోవాల్సిందే. బాబాయి బిషన్ సింగ్ బేడీ తప్ప ఇంకో పేరు ఒప్పుకోడు. మా అబ్బాయి జడేజా పక్షం. నేను హైదరాబాదువాణ్ణి కాబట్టి, 28 టెస్టుల్లో 93 వికెట్లు తీసిన మన వెంకటపతి రాజుని మధ్యలోకి లాగకుండా ఉండలేను.

"అంకెలు చూడు తాతా" అంటాడు మావాడు. "అంకెలు కరెంటు బిల్లులో చూస్కోరా, బౌలింగ్ కళ్లతో చూడాలి" అంటాడు బాబాయి.

సరే, అంకెలే చూద్దాం. టెస్టుల్లో ఎడమచేతి స్పిన్నర్లందరిలో ఎక్కువ వికెట్లు శ్రీలంక రంగన హెరాత్‌వి. 93 టెస్టుల్లో 433. న్యూజిలాండ్ వెటోరీ 362 తీశాడు. జడేజా 2024లో 300 దాటాడు. ఇంగ్లండ్ డెరెక్ అండర్‌వుడ్‌వి 297. బేడీవి 67 టెస్టుల్లో 266.

ఇక్కడితో వాదన తేలిపోతే గొడవే లేదు. కానీ తేలదు. తడిసి ఆరుతున్న పిచ్ దొరికితే అండర్‌వుడ్‌ని ఆడటం ఎవరితరం? 1968 ఓవల్ టెస్టు చివరి రోజున మైదానంలో నిలిచిన వాన నీళ్లు ఎత్తిపోయడానికి ప్రేక్షకులు కూడా దిగారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాని పడగొట్టేశాడు, 50 పరుగులకి 7 వికెట్లు. బేడీ దారి వేరు. బంతిని గాల్లోకి లేపి, ఊరించి, బ్యాటర్ ముందుకొచ్చాక మోసం చేసేవాడు. ఇక హెడ్లీ వెరిటీ ఆడినవి 40 టెస్టులే. బ్రాడ్‌మన్‌ని టెస్టుల్లో 8 సార్లు ఔట్ చేశాడు. యుద్ధంలో గాయపడి 1943లో ఇటలీలో చనిపోయాడు. ఈ ముగ్గుర్నీ ఏ తక్కెడలో తూస్తాం?

నన్ను పట్టి కుదిపేది ఇంకోటుంది. జట్టులో ఎడమచేతి స్పిన్నర్‌కి మామూలుగా ఉండేది ఒకే ఒక్క కుర్చీ. ఇద్దరుంటే ఇద్దరూ కుడిచేతి బ్యాటర్‌కి బంతిని బయటికే తిప్పుతారు కదా, కెప్టెన్ రెండోవాణ్ణి ఎందుకు తీసుకుంటాడు? అందుకే ఒక బేడీ కూర్చున్నాడంటే వెనక ఇంకొకరు నిలబడిపోయినట్టే.

అలా నిలబడిపోయినవాళ్లు మామూలువాళ్లు కాదు. హర్యానా రాజిందర్ గోయల్ రంజీల్లో 637 వికెట్లు తీశాడు. ఆ టోర్నీలో అంతకంటే ఎక్కువ ఎవరూ తీయలేదు. ముంబయి పద్మాకర్ శివాల్కర్ 1972-73 రంజీ ఫైనల్లో, చెపాక్‌లో, తమిళనాడు మీద ఒక ఇన్నింగ్స్‌లో 16 పరుగులకి 8 వికెట్లు, రెండోదాన్లో 18కి 5 తీశాడు. ఇద్దరూ ఒక్క టెస్టు కూడా ఆడలేదు. 1974లో వెస్టిండీస్‌తో బెంగళూరు టెస్టుకి క్రమశిక్షణ పేరుతో బేడీని పక్కన పెట్టారు. గోయల్‌ని పిలిచారు. తీరా మ్యాచ్ రోజు పొద్దున తుది జట్టులో ఆయన పేరు లేదు. గవాస్కర్ మాత్రం తన 'ఐడల్స్' పుస్తకంలో ఈ ఇద్దరికీ చోటిచ్చాడు.

మన ప్రజ్ఞాన్ ఓఝా సంగతి చూడండి. 2013 నవంబరులో సచిన్ చివరి టెస్టులో 10 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఆయనకీ అదే చివరి టెస్టు అయింది! 24 టెస్టుల్లో 113 వికెట్లు తీసినవాడి కుర్చీ జడేజాకి వెళ్లింది.

మా అన్నయ్య హైదరాబాదు లీగ్‌లో ఒక క్లబ్బుకి ఎడమచేతి స్పిన్ వేసేవాడు. అదే క్లబ్బులో ఇంకో ఎడమచేతి స్పిన్నర్ ఉండేవాడు, బ్యాటింగ్‌లో కాస్త మెరుగు. అన్నయ్య రెండు సీజన్లు దాదాపుగా డ్రింక్స్ మోస్తూనే గడిపి, బ్యాంకు పరీక్ష రాసుకున్నాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "అతనూ బాగానే వేసేవాడ్రా" అంటాడు ఇప్పటికీ. ఆ మాట విన్నప్పుడల్లా నాకే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

అందుకే నా ఓటు హెరాత్‌కి. 1999లో తొలి టెస్టు ఆడాడు. స్పిన్ అంటే మురళీధరన్ అనే జట్టులో ఏళ్ల తరబడి పిలుపు కోసం చూశాడు. 2010లో మురళి తప్పుకున్నాకే హెరాత్ వికెట్లలో ఎక్కువ భాగం వచ్చాయి. నలభయ్యో ఏట రిటైరయ్యాడు. బయట నిలబడ్డవాడికి తలుపు తెరిస్తే ఏం చేయగలడో ఆయన చేసి చూపించాడు. గోయల్‌కీ శివాల్కర్‌కీ ఆ తలుపు తెరుచుకోలేదు, అంతే తేడా.

మీ ఇంట్లోనూ ఈ వాదన వస్తే గొప్పవాళ్ల జాబితా మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి. అడుగున రెండు గీతలు ఖాళీగా ఉంచి, ఆ రెండు పేర్లూ రాయండి.