నాచునకును లోటే

పెరటి తొట్టికి పట్టిన నాచును వారమున కొకమారు పీచుతో తోముట నా పని. నిరుడు అదియు చేయజాలనైతిని. అరికాళ్లు తిమ్మిరులెక్కును, నాలుగు మెట్లెక్కిన ఆయాసము. వైద్యురాలు రక్తము పరీక్షింపించి, బి12 విటమిను చాలదనెను. మేము శాకాహారులము. పాలును పెరుగును పిల్లలకును మావారికిని పోయగా నాకు మిగులునది మజ్జిగ తేటయే. “ఆకుకూరలు దండిగా తినుచున్నాను గదా!” యంటిని. కూరలలో అది యుండదని యామె నవ్వెను.

మరి యెందుండి వచ్చునని యడుగగా మావారొక వ్యాసము చదివి వినిపించిరి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆలిసన్ స్మిత్ గారును సహచరులును శోధించి 2005లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించిన సంగతి యది. వారు లెక్కకు దెచ్చిన 326 నాచుజాతులలో 171 జాతులకు బి12 వెలుపలినుండి రావలెనట! సోదరీమణులారా, ఎండతో తన యన్నము తాను వండుకొను నాచునకును ఈ లోటేమి? దానిని తయారుచేయగలవి కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే. ఎఱ్ఱనాచు నొకదానిని బి12 లేని నీటిలో నుంచి, హాలోమోనాస్ అను సూక్ష్మజీవిని జతచేయగా నది పెరిగినదట. లోబోమోనాస్ అను పచ్చనాచుపై 2012లో వెలువడిన పరిశోధనలో, విటమిను నిచ్చు సూక్ష్మజీవికి నాచు తాను వండిన యాహారమునే యిచ్చుచున్నట్లు తేలినది. ఊరక యెవరును పెట్టరు కాబోలు!

ఆవు కడుపులోను ఇట్టి జీవులే దానిని చేయగా, పాలలోనికి వచ్చునట.

సూదిమందులు ముగిసినవి, మాత్రలు నడుచుచున్నవి. గ్లాసెడు పాలు నాకై ముందే తీసియుంచుచున్నాను. అత్తగారు రెండునాళ్లు చూచి, మూడవనాడు తామే కాచి యిచ్చిరి. తొట్టిని మాత్రము మరల తోముచునే యున్నాను. పిల్లలు జారిపడుదురు గదా.