ఏటికి ఇవతల నిలబడి చూసిన వెలుగులు

డిసెంబరు నెల వచ్చిందంటే మా బూర్గంపాడులో విశ్వాసుల ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. కేరల్స్ బృందాలు చలిలో వీధులు తిరుగుతాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే, ఏటికి అవతల భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి జరుగుతుంది. ఏకాదశికి ముందు రోజు సాయంకాలం గోదావరిలో తెప్పోత్సవం చేస్తారు. హంసలా అలంకరించిన తెప్ప నీటిమీద తిరుగుతుండగా బాణసంచా కాలుస్తారు. ఇటు క్రిస్మస్, ఆ వెంట కొత్త సంవత్సరం. ఈ విధంగా చలికాలంలో మా ఆకాశం మూడుసార్లు వెలుగుతుంది.

ఈ వెలుగులను ఎక్కడ నిలబడి చూస్తే బాగుంటుందని ఊరికి వచ్చే బంధువులు మమ్మల్ని అడుగుతుంటారు. ఈ విషయంలో మాకు కొంత అనుభవం కలిగింది. అయితే అది మేము కోరి సంపాదించుకున్నది కాదు.

2021 క్రిస్మస్ రాత్రి మా ఇంటి ముందు ఒక చిచ్చుబుడ్డి వెలిగించాము. అది అంటుకోలేదు. ఆరిపోయిందనుకొని, "తీసి అవతల పారెయ్ రా" అని ఆరేళ్ల మా చిన్నవాడికి మేమే చెప్పాము. వాడు చెయ్యి పెట్టగానే అది ఒక్కసారిగా లేచింది. కుడి అరచెయ్యి కాలిపోయింది. కంగారులో ఒకరు సిరా పోయమన్నారు, ఒకరు టూత్‌పేస్టు పూయమన్నారు. మేము పేస్టు పూశాము. ఆస్పత్రిలో దాన్ని కడిగి తీస్తున్నప్పుడే వాడు ఎక్కువగా ఏడ్చాడు. కాలిన వెంటనే ఇరవై నిమిషాలపాటు చల్లని నీటిధార కింద ఉంచాలనీ, పేస్టు, సిరా, మంచుగడ్డ ఏవీ పెట్టకూడదనీ డాక్టరుగారు చెప్పారు. చదివేవారికి ఈ ఒక్క మాట జ్ఞాపకముంటే మా వ్యాసం వృథా కాదు.

దేవుని కృపను బట్టి చెయ్యి మానింది. భయం మాత్రం మానలేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వింటే పక్క గదిలోకి పోయేవాడు. మరుసటి దీపావళికి తలుపులు వేసుకొని దుప్పటి ముసుగు పెట్టాడు. ఆ ఏడు క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధనలో పిల్లలంతా తలా ఒక కొవ్వొత్తి పట్టుకుంటే, వీడు నానమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డాడు. పాస్టరు అయ్యగారు దగ్గరకు పిలిచినా కదలలేదు. తప్పు చేసింది మేము, శిక్ష అనుభవించేది వాడు. ఈ సంగతి మాకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వలేదు.

చివరికి నానమ్మే దారి చూపింది. "దగ్గర్నుంచి చూస్తే అది నిప్పు నాయనా, దూరాన్నుంచి చూస్తేనే వెలుగు. పిల్లాణ్ణి దూరంగా తీసుకుపోయి చూపించండి" అన్నది. అలా మొదలైంది మా వెతుకులాట.

2023లో ముక్కోటి జనవరి 2న వచ్చింది. అంటే తెప్పోత్సవం కొత్త సంవత్సరపు సాయంత్రమే. ఆరాధన ముగిసి, భోజనాలు చేసి, సారపాక వైపు బయలుదేరాము. ఇతరుల పండుగకు మీరు వెళ్లవచ్చునా అని ఎవరికైనా అనిపించవచ్చు. మేము వెళ్లింది పూజకు కాదు. మా పొరుగువారి సంతోషాన్ని ఏటికి ఇవతల నిలబడి చూడడానికి. వారు మా నక్షత్రాన్ని చూడడానికి వచ్చి కేకు తిని వెళ్లడం లేదా?

ముందుగా వంతెన సంగతి. 1965లో ప్రారంభమైన ఈ వంతెన సారపాకను భద్రాచలంతో కలుపుతుంది. నది నడిమధ్య నుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయని అందరికీ అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కాని లారీలు, బస్సులు ఆగకుండా పోయే రహదారి అది. లారీ పోయినప్పుడల్లా కాళ్ల కింద వంతెన అదురుతుంది. పిల్లవాడి చెయ్యి వదలడానికి వీలుండదు, ఆకాశం వైపు తల ఎత్తడానికీ వీలుండదు. ఇప్పుడు పక్కన రెండో వంతెన వచ్చింది గాని, వంతెన మీద ఆగడం ఎన్నటికీ మంచిది కాదు. నడిచి దాటండి, నిలబడవద్దు.

అవతలి ఒడ్డున భద్రాచలం కరకట్ట ఉంది. వరద నుంచి పట్టణాన్ని కాపాడడానికి కట్టిన ఆ కట్ట మీద నిలబడితే స్నానఘట్టాలు, తెప్ప, బాణసంచా అన్నీ కళ్లెదుటే. పెద్దవారికి, చప్పుడంటే ఇష్టపడేవారికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే తెప్పోత్సవం నాడు జనం కిక్కిరిసి ఉంటారు. మధ్యాహ్నమే వెళ్లి చోటు పట్టుకోవాలి, తిరిగి రావడానికి అంతకు రెట్టింపు ఓపిక ఉండాలి. మా చిన్నవాడికి అది పనికిరాదు.

అందుచేత సారపాక వైపు ఒడ్డునే నిలబడ్డాము. ఇక్కడొక లాభముంది. వెలుగు ఆకాశంలో ఒకసారి, నీటిలో ఒకసారి కనిపిస్తుంది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ చుట్టూ, సిడ్నీలో నౌకాశ్రయం చుట్టూ జనం చేరడానికి కారణమిదే. నీరు వెలుగును రెండింతలు చేస్తుంది. కాని ఒక నష్టం కూడా ఉంది. చలికాలంలో ఈశాన్యపు గాలి వీస్తుంది. ఆ సాయంత్రం పొగంతా నది దాటి మా మీదికే వచ్చింది. పది నిమిషాల తర్వాత రంగులు మసకబారాయి, నానమ్మకు దగ్గు పట్టుకుంది. ఎక్కడ చూసినా ఇదే సూత్రం. గాలి మన వీపు మీదుగా వీచి వెలుగు వైపు పోయే చోట నిలబడాలి. వెళ్లిన వెంటనే ఒక చేతిరుమాలు ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది.

ఆ రోజు మాతో వచ్చిన సండే స్కూలు టీచరుగారు బడిలో సైన్సు చెబుతారు. ఆయన మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, "వెలుగు వెంటనే వస్తుంది రా. చప్పుడు మాత్రం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడిచి రావాలి. మెరుపు కనిపించగానే లెక్కపెట్టు. మూడు అంకెలకు ఒక కిలోమీటరు" అని చెప్పారు. మావాడు చెవులు మూసుకొనే, "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. ఢామ్మని వినిపించింది. మళ్లీ మెరుపు, మళ్లీ లెక్క. కొంతసేపటికి, "నాన్నా, ఇంకా దూరం పోతే ఇంకా ఎక్కువ లెక్కపెట్టొచ్చా?" అని అడిగాడు. ఏడాది తర్వాత బాణసంచా గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న అది.

2023లోనే మరొక ముక్కోటి డిసెంబరు 23న వచ్చింది. 22 సాయంత్రం ఈసారి ఎక్కడికీ పోలేదు. మా ఊరి పొలాలు దాటి గోదావరి ఒడ్డుకు నడిచాము. కిన్నెరసాని గోదావరిలో కలిసేది మా ఊరి దాపులనే. విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని పాటల వల్ల ఆ ఏటి పేరు తెలుగువారందరికీ తెలుసు. ఒడ్డున చెట్లు లేని ఒక మిట్ట ఉంది. అక్కడినుంచి ఎగువన భద్రాచలం దీపాలు ఒక గీతలా కనిపిస్తాయి. తల మీద ఆకాశమంతా ఖాళీ.

ఆ చీకటిలో నిలబడితే ఈ నేల ఎన్ని చేతులు మారిందో జ్ఞాపకం వచ్చింది. ఒకప్పుడు ఈ ఒడ్డు నిజాం సర్కారుది, ఆ ఒడ్డు మద్రాసు రాజధానిది. భద్రాచలం 1959లోగాని మన ఖమ్మం జిల్లాలో చేరలేదు. 2014లో పోలవరం ముంపు కారణంగా మా మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. 2016 నుంచి మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇంకా ఎగువన దుమ్ముగూడెం ఉంది. గోదావరి జలమార్గం పనులు చూడడానికి వచ్చిన హేగ్ అనే ఇంజనీరు 1860 ప్రాంతంలో అక్కడ కోయల మధ్య సువార్త పని మొదలుపెట్టించాడు. ఆ జలమార్గం మధ్యలోనే ఆగిపోయింది. సువార్త ఆగలేదు.

మేము నిలబడిన మిట్ట 2022 జూలైలో నీళ్లలో ఉంది. ఆ నెల 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంతటిది మేము ఎరుగము. మా ఊరి వీధుల్లో పడవలు తిరిగాయి. ఆ నీళ్లే ఇప్పుడు తెప్పను మోస్తూ, వెలుగును అద్దంలా చూపిస్తూ మా కాళ్ల దగ్గర మెల్లగా పోతున్నాయి.

మెరుపు లేచింది. మావాడు లెక్క మొదలుపెట్టాడు. పది దాటి పదకొండు దగ్గర చప్పుడు వచ్చింది. అది చప్పుడు కూడా కాదు, దూరాన ఎవరో తలుపు వేసినట్టు. మూడో మెరుపుకు చేతులు చెవుల మీద నుంచి కిందికి దిగాయి. "ఎర్రది ఎందుకొస్తుంది, పచ్చది ఎందుకొస్తుంది?" అని అడిగాడు. ఎరుపు స్ట్రాన్షియం వల్ల, పసుపు సోడియం వల్ల, నీలం రాగి వల్ల వస్తాయని టీచరుగారి దగ్గర విన్నది చెప్పాము. ఇంటికి వచ్చేదాకా ఆ పేర్లు వల్లెవేస్తూనే ఉన్నాడు.

మా అనుభవం నుంచి మరికొన్ని మాటలు. పొద్దుండగానే వెళ్లి దారి చూసుకోండి. చీకట్లో ఇసుకలోకి, నీటి అంచుకు దిగవద్దు. టార్చిలైటు, స్వెట్టరు, తాగే నీళ్లు వెంట ఉంచుకోండి. చూడడానికి అడవి అంచుకు వెళ్లవద్దు, అక్కడ టపాకాయలు అసలే వద్దు. ఎండిన టేకు ఆకులకు ఒక్క నిప్పురవ్వ చాలు, పూరిళ్లకు కూడా అంతే. ఇంట్లో పశువులు, కుక్కలు ఉంటే కట్టేసి, దగ్గర ఒకరు ఉండండి. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం క్రిస్మస్‌కూ, కొత్త సంవత్సరానికీ రాత్రి 11.55 నుంచి 12.30 వరకే బాణసంచా కాల్చాలి. చంటిబిడ్డలు, రోగులు ఉన్న వీధిలో ఆ కాస్త సేపు కూడా ఎక్కువేనని గుర్తుంచుకుంటే అదీ ప్రేమే.

అదే డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే సమయానికి వీధుల్లో టపాకాయలు మొదలయ్యాయి. అందరమూ చర్చి పక్కనున్న డాబా ఎక్కాము. సారపాక వైపు, భద్రాచలం వైపు, మా ఊరి నాలుగు మూలలా వెలుగులు లేచాయి. అక్కడ మావాడి లెక్క రెండుకు మించలేదు. ఒకసారి ఒకటికే ఢామ్మన్నది. ఉలిక్కిపడి మమ్మల్ని చూశాడు గాని, లోపలికి పరుగెత్తలేదు.

పన్నెండున్నర దాటేసరికి అన్నీ సద్దుమణిగాయి. హోరేబు కొండమీద ఏలీయా సంగతి జ్ఞాపకం వచ్చింది. పెనుగాలిలో, భూకంపంలో, అగ్నిలో కనబడని దేవుడు, అవన్నీ గడిచిన తర్వాత మెల్లని స్వరంతో అతనితో మాట్లాడాడు. బాణసంచా చూడడం తప్పు కాదు. కాని అది ఆరిన తర్వాత ఒక్క ఐదు నిమిషాలు ఉన్నచోటే నిలబడండి. చూడడానికి మంచి చోటు ఏదని అడిగేవారికి మేము చెప్పే చివరి మాట ఇది.

మేము దిగి వచ్చేసరికి చర్చిలో కరెంటు పోయింది. అయ్యగారు కొవ్వొత్తుల కట్ట విప్పి తలా ఒకటి ఇస్తున్నారు. అలవాటుగా మావాణ్ణి దాటి నానమ్మకు ఇవ్వబోయారు. వాడు కుడిచెయ్యి చాపాడు. అరచేతిలో మచ్చ ఇంకా ఉంది. నానమ్మ తన కొవ్వొత్తితో వాడిది వెలిగించింది. వాడు దాన్ని కొంచెం దూరంగా పట్టుకొని, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటూ, ఇంటిదాకా ఆరిపోకుండా తెచ్చాడు.