మాట వినడం

మా తాత ఆసామి మాట ఏనాడూ జవదాటలేదు. వరికుంటపాడు పక్క యానాదులం మేం. మా ఇళ్లల్లో దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు. రాత్రంతా పొగాకు బ్యారన్ కాడ మంట చూడమంటే చూశాడు. అప్పు తీరలేదు, కొడుకును గొర్ల వెంట పంపమంటే పంపాడు. మా నాయన చదువు అక్కడితో ఆగింది. నేరస్థ తెగల చట్టం 1952లో పోయినా, దాని భయం తాతను వదల్లేదు. మాట వింటే చెడ్డపేరు రాదని ఆయన నమ్మకం. మేమూ అదే నమ్మి పెరిగాం.

మొన్న బడిలో చంద్రగిరి రాయల పాఠం చెబుతూ, 1598లో అక్కడి కొలువుకు వచ్చిన జెస్యూట్ పాదరీల సంగతి ఎత్తాం. 1540లో ఏర్పడిన ఆ సభలో విధేయతే పెద్ద వ్రతం. పెద్దలు ఎటు పొమ్మంటే అటు పోవాలి. వాళ్లలో ఒకడు జాన్ డి బ్రిట్టో. 1647లో లిస్బన్‌లో పుట్టాడు, రాచకొలువులో పెరిగాడు. 1673లో మన దేశానికొచ్చి, కావి గుడ్డ కట్టి తమిళనాట తిరిగాడు. 1686లో పట్టుకుని హింసించారు. తర్వాత సభ పనిమీద యూరప్ పోయినా, అక్కడ ఉండిపోకుండా తిరిగొచ్చాడు. 1693 ఫిబ్రవరి 4న ఓరియూరులో ఆయన తల నరికారు. ఇప్పుడక్కడ గుడి ఉంది.

వెనక వరసలో పిల్లోడు లేచాడు. "మా తాత గూడా అట్నే మాట విన్నాడు గదా సార్, ఆయనకెందుకు గుడి కట్టలా?"

ఆ పూట మాకు జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి ఆలోచించాం. బ్రిట్టో తన వ్రతం తానే పట్టాడు. లిస్బన్‌లో ఉండిపోయే దారి ఆయనకుంది. మా తాతకు ఇంకో దారి ఎక్కడుంది? అయితే సంగతి అంతటితో తేలదు. 1773లో పోపు ఆ సభనే రద్దు చేస్తే పాదరీలు తలొంచారు. పుంగనూరు వైపు వాళ్లను నమ్ముకున్న తెలుగు కుటుంబాలకు గురువులు కొరవడ్డారు. ఆ కుటుంబాలను ఎవరూ అడగలేదు. కోరి తలొంచినా, ఖరీదు పక్కవాడు కట్టాల్సి వస్తుంది. మా తాత విధేయతకు మా నాయన కట్టాడు.

నెల తిరక్కముందే ఆ పిల్లోణ్ణి బాతుల వెంట పంపమని అడ్వాన్సు ఇచ్చిన మనిషి వచ్చాడు. వెట్టిచాకిరీని చట్టం 1976లోనే రద్దు చేసినా, పిల్లోడి నాయన తలొంచుకుని, "మాటిచ్చేశాం సార్" అన్నాడు.

"మాటిచ్చింది నువ్వు. తీర్చేది వాడా?" అన్నాం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ మనిషికి ఎదురుపోయి, పిల్లోణ్ణి పంపనన్నాడు. బాకీ ఇంకా ఉంది. పిల్లోడు మాత్రం వెనక వరసలోనే కూర్చుంటున్నాడు, ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు.