వరిలా కనిపించే ఊద గడ్డి.. గుర్తుపట్టేదెలా?

వానాకాలంలో మిర్యాలగూడ వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా పచ్చటి వరి. సాగర్ ఎడమ కాలువ నీళ్ల పుణ్యం! బండి ఆపి గట్టు మీద నుంచి కాస్త పరీక్షగా చూడండి. ఆ పచ్చదనంలో వరి వేషం కట్టిన గడ్డి ఒకటి దొరుకుతుంది. అదే ఊద.

లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఫోన్ కెమెరాను మొక్క మొత్తం మీద కాదు, ఆకు కాండాన్ని కలిసే చోట జూమ్ చేయండి. వరికైతే అక్కడ తెల్లటి పలచని పొర, పక్కన చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. ఊదకు ఆ రెండూ ఉండవు. కొన్ని మొక్కల ఆకుల మీద ఊదారంగు అడ్డపట్టీలు కూడా కనిపిస్తాయి. కంకి వేశాక ఇక డౌటే లేదు: కాడకు పొట్టి పొట్టి కొమ్మలు, వాటి మీద వరుసగా ముళ్లు లేని గింజలు.

అయితే కంకి దాకా ఆగితే రైతుకు నష్టమే. ఊద గింజ పండగానే రాలిపోతుంది. వరి కోసేలోపే వచ్చే ఏటి కలుపుకు విత్తనం పడిపోతుందన్నమాట.

మహబూబ్‌నగర్ వైపు మెట్ట చేలల్లోనూ, తడి తగిలిన గట్ల మీదా ఇది మొలుస్తుంది. అక్కడ పశువులకు మంచి మేత. ఇంకో సంగతి: ఇప్పుడు సూపర్ మార్కెట్లో కొంటున్న ఊదలకు మూలం ఈ అడవి గడ్డే! గింజ రాలని కంకులను తరతరాలుగా ఏరి విత్తుకుంటూ వస్తే అది పంటైంది.

మడిలో ఉంటే పీకాల్సిందే. గట్టు మీద కనిపిస్తే మాత్రం ఒక ఫొటో తీసుకోండి.