గోడవారకు జరిగిన తుపాకీ

పక్కింటి పెద్దాయనకు కంట్లో శుక్లం తీసి పది రోజులే అయింది. కారు తోలొద్దన్నారు. తుపాకుల కొట్టు దాకా వెళ్ళాలి, తీసుకెళ్తారా అని ఆయన కంచె అవతల నుంచి అడిగేసరికి ఈ వ్యాసకర్త నీళ్ళు నమిలాడు. గుంటూరులో పక్కింటివాళ్ళు పంచదారో, నిచ్చెనో అడుగుతారు గానీ ఇలాంటి సాయం ఎవరడుగుతారు? అయితే డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో వీళ్ళిద్దరిదీ పన్నెండేళ్ళుగా ఒకే కంచెకి అటూ ఇటూ కాపురం. ఈయన ఇండియా వెళ్ళినప్పుడల్లా కరివేపాకు మొక్కకి నీళ్ళు పోసి, చలికాలం రాగానే దాన్ని గరాజ్‌లోకి లాగి బతికించింది ఆ పెద్దాయనే. కరివేపాకు రుణం అమెరికాలో చిన్న రుణం కాదు. బయల్దేరాడు.

పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి ఊళ్ళో రెండు గదుల అపార్ట్‌మెంటుకి మారుతున్నారు. వెంట తీసుకెళ్ళలేని వాటిలో పడవ, కోతమిషను, ఒక షాట్‌గన్ ఉన్నాయి. కారు వెనక సీట్లో పొడుగాటి గుడ్డ సంచి పడుకుంది. అందులోంచి మాగిన అరటిపండు లాంటి వాసన. తుపాకీ గొట్టం శుభ్రం చేసే ద్రావకం వాసన అది, హాప్పీస్ నంబర్ 9. తుపాకీ రెమింగ్టన్ 870 వింగ్‌మాస్టర్, 1974లో పెళ్ళయిన ఏడాది కొన్నారట. వాల్‌నట్ చెక్క మీద చెంప ఆనే చోట మెరుగు పోయి, మన వీధి అరుగు మీద తాతలు కూర్చునే చోటులా నున్నగా అరిగింది.

కొట్టులో అడుగుపెడితే బంగారం షాపులో అడుగుపెట్టినట్టుంది. ముందంతా దీపాలు పెట్టిన అద్దాల కౌంటర్లు, వాటిలో వరసగా పిస్టళ్ళు. నల్లవి, ఇసుక రంగువి, హ్యాండ్‌బ్యాగులో పట్టేవి, అరచేతిలో ఇమిడిపోయేవి. జనమంతా అక్కడే. వెనక గోడ నడిమధ్యన ఏఆర్-15 రైఫిళ్ళు. షాట్‌గన్లు ఆ గోడ కొసకి, బాత్రూముకి వెళ్ళే దారి పక్కకి జరిగాయి. కౌంటర్ కుర్రాడు సంచి విప్పి చూసి, మంచి తుపాకీయే అని మర్యాదగా అని, రెండు వందల డాలర్లిస్తానన్నాడు. తాతల షాట్‌గన్లు వారానికి మూడో నాలుగో వస్తున్నాయట, కొనేవాళ్ళు అంతమంది లేరట. పెద్దాయన ఏమీ అనలేదు. సంచి జిప్పు మూశారు.

ఆ మోడల్ చరిత్ర తెలిస్తే ఆ మౌనం అర్థమవుతుంది. 870 మార్కెట్లోకి వచ్చింది 1950లో. 2009 నాటికి కోటి తయారయ్యాయి. అమెరికాలో రైతు ఇంట్లో, పోలీసు కారులో, బ్యాంకుకి డబ్బు మోసే వ్యానులో అన్నిచోట్లా ఇదే. పక్షిని కొట్టాలంటే సన్న గుళ్ళ తూటా, జింకకైతే ఒంటి గుండు తూటా. తుపాకీ మారదు, తూటా మారుతుంది. ఒక ఇంటికి ఒక్క తుపాకీ చాలనుకునే రోజుల్లో ఆ ఒక్కటీ షాట్‌గనే అయ్యేది. దాన్ని చేసిన రెమింగ్టన్ 1816లో మొదలైన కంపెనీ. 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా కోర్టు మెట్లెక్కింది. రెండోసారి దాని ఆస్తుల్ని ముక్కలు ముక్కలుగా వేలం వేశారు. న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్ ఊళ్ళో దాదాపు రెండు శతాబ్దాలు నడిచిన ఫ్యాక్టరీకి 2024 మార్చిలో తాళం పడింది.

అలాగని షాట్‌గన్ పని అయిపోయిందని తేల్చేస్తే తప్పు. అమెరికాలో ఏటా ఎన్ని తుపాకులు తయారవుతున్నాయో ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థ లెక్క కడుతుంది. మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాలు అన్నీ ఒకే గొడుగు కింద చూసే సంస్థ అది. మన ఎక్సైజు శాఖకి మందుగుండు కూడా అప్పగించినట్టు. ఆ లెక్కల్లో 1986లో తయారైన షాట్‌గన్లు 6.4 లక్షలు, పిస్టళ్ళు 6.6 లక్షలు. అంటే దాదాపు సమఉజ్జీలు. 2021కి వచ్చేసరికి షాట్‌గన్లు 6.7 లక్షలు, పిస్టళ్ళు 67 లక్షలు. ఒకటి ఉన్నచోటే ఉంది, రెండోది పది రెట్లయింది. మధ్యలో ఎగుడుదిగుళ్ళు లేకపోలేదు. 2013లో షాట్‌గన్లు 12 లక్షల దాకా ఎగబాకాయి, 2019, 2020ల్లో 5 లక్షల్లోపుకి జారాయి. అమ్మకాల బరిలో ఓడిపోయిందనడం కంటే, పక్కనే ఇంకో బజారు లేచి దీన్ని చిన్నది చేసిందనడం సబబు.

ఆ కొత్త బజారు ఎందుకు లేచిందో సర్వేలు చక్కగా పట్టాయి. తుపాకీ ఎందుకు పెట్టుకున్నారని 1999లో అడిగితే యజమానుల్లో 49 శాతం వేటకన్నారు, 26 శాతం రక్షణకన్నారు. 2013లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అదే ప్రశ్న అడిగితే వేట 32కి దిగింది, రక్షణ 48కి ఎక్కింది. 2023లో రక్షణ ఒక ముఖ్య కారణమన్నవాళ్ళు 72 శాతం. వేటకి కొన్నవాడికి పొడుగాటి గొట్టం బరువనిపించదు. భయంతో కొన్నవాడికి అది నడుముకి పట్టాలి, మంచం పక్క సొరుగులో పట్టాలి.

చట్టాలూ ఆ దారినే నడిచాయి. 1987లో ఫ్లోరిడా, అర్హత ఉన్న ప్రతివారికీ దాచిపెట్టుకు తిరిగే పిస్టల్ పర్మిట్ ఇచ్చి తీరాలని చట్టం చేసింది. రాష్ట్రం వెనక రాష్ట్రం దాన్ని అనుకరించాయి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆ పర్మిట్ కూడా అక్కర్లేకుండా పోయింది. విచిత్రమేమిటంటే సెప్టెంబర్ 1 మా వైపు గువ్వల వేట మొదలయ్యే రోజు. ఏటా ఆ రోజు పెద్దాయన తెల్లారకుండానే గరాజ్ తలుపు తీసేవారు.

ఆ గువ్వల కథ ఆయన కారులో చెప్పారు. తుపాకీ కడుపులో సన్నటి చెక్క పుల్ల ఒకటి ఉంటుంది. తూటాలు నింపే గొట్టంలో దాన్ని దూరిస్తే మొత్తం మీద మూడు తూటాలకి మించి పట్టవు. వలస పక్షుల్ని వేటాడేటప్పుడు మూడే ఉండాలని కేంద్ర చట్టం. రోజుకి పదిహేను గువ్వలకి మించి కొట్టకూడదని ఇంకో నియమం. కొన్న తూటాల మీద, పొడుగు తుపాకుల మీద 11 శాతం సుంకం. 1937 నుంచీ ఆ డబ్బు అడవి జంతువుల సంరక్షణకే వెళ్తుంది. కొల్లేటికి వచ్చే కొంగల గురించి బెంగపడుతూ పెరిగిన తెలుగువాడికి, వేటగాళ్ళ సుంకంతో పక్షులు బతకడం మొదట మింగుడుపడదు. తర్వాత అలవాటవుతుంది.

ఆయన ఎక్కడ వేటాడేవారు? కారు ఆపమని వేలు చూపించారు. అటు చూస్తే మన సరుకుల కొట్టు, దాని పక్కన దోసెల హోటలు, వెనక వరసగా ఇటుక ఇళ్ళు. 1990ల్లో అదంతా జొన్నచేనట. కోత అయ్యాక రాలిన గింజల కోసం గువ్వలు దిగేవట. 2000 జనాభా లెక్కల్లో ఫ్రిస్కో జనం 33,714. 2020లో 2,00,509. ఆ పెరిగిన తలల్లో నాలుగు ఈ వ్యాసకర్త ఇంట్లోవే. షాట్‌గన్ ఎందుకు గోడవారకు జరిగిందని పుస్తకాలు తిరగేస్తున్న మనిషికి, కారణాల్లో ఒకటి తన ఇంటి పునాదని అప్పుడు తట్టింది. కంజుపిట్టలదీ ఇదే కథ. దక్షిణ రాష్ట్రాల్లో ఒకప్పుడు షాట్‌గన్ అంటే బాబ్‌వైట్ కంజుల వేటే. పొదలూ గట్లూ పోయి పొలాలు నున్నగా దున్నేశాక 1960ల నాటితో పోలిస్తే అవి నాలుగో వంతు కూడా మిగల్లేదు. దేశం మొత్తం మీద వేటగాళ్ళు 1991లో 1.41 కోట్లు, 2016లో 1.15 కోట్లు. ఈలోగా దేశ జనాభా ఎంత పెరిగిందో వేరే చెప్పాలా.

పోలీసుల చేతిలోనూ దీని పరువు తగ్గింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు కందకాల్లో షాట్‌గన్లు వాడుతుంటే, ఇది అమానుషమని 1918 సెప్టెంబర్‌లో జర్మనీ అధికారికంగా నిరసన తెలిపింది. అంతటి ఆయుధం 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్ నార్త్ హాలీవుడ్‌లో తేలిపోయింది. ఒళ్ళంతా కవచాలు తొడుక్కున్న ఇద్దరు బ్యాంకు దొంగల మీద పోలీసుల పిస్టళ్ళు, షాట్‌గన్లు పనిచెయ్యలేదు. ఆ తర్వాత పోలీసు కార్లలో షాట్‌గన్ ఉండే చోటికి రైఫిల్ వచ్చి కూర్చుంది.

రాజకీయ నాయకుల్లో దీనికి పెద్ద వకాల్తా పుచ్చుకున్నది జో బైడెన్. ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 2013 ఫిబ్రవరిలో, ఇంటి రక్షణకి ఏఆర్-15 ఎందుకు, షాట్‌గన్ కొనుక్కోండి, బాల్కనీలోకి వెళ్ళి రెండు సార్లు పేల్చమని మా ఆవిడకీ చెప్పాను అన్నారు. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయన కారు దొంగలనుకుని గాల్లోకి పేల్చాడు, పోలీసులు పట్టుకుంటే బైడెన్ చెప్పినట్టే చేశానన్నాడు. చుట్టాల సలహా విని కోర్టుపాలైన మనిషిలా.

షాట్‌గన్‌కి గురి అక్కర్లేదు, అటువైపు తిప్పితే చాలన్న మాట కూడా ఆ బాపతుదే. గుళ్ళు గజానికి సుమారు అంగుళం చొప్పున విచ్చుకుంటాయని వేటగాళ్ళ లెక్క. మన హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి ఆరు గజాలుంటే ఆ గుళ్ళన్నీ అన్నం గరిటెంత చోటులో పడతాయి. పైగా భుజం మీద గాడిద తన్నినట్టు తన్నుతుంది. మొదటిసారి కొనేవాళ్ళు కౌంటర్లో పిస్టల్ వైపు తిరగడంలో ఆశ్చర్యం లేదు.

మనవాళ్ళ సంగతికొస్తే, హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం కేంద్ర చట్టరీత్యా నేరం. కానీ ఒక మినహాయింపు ఉంది: వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. దాంతో, కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే మిత్రుడొకరు టెక్సస్ వేట లైసెన్సు తీసుకున్నారు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట శిక్షణ పాఠం కూడా పూర్తిచెయ్యాలి. జింక గుండె ఎక్కడుంటుందో బొమ్మ మీద గుర్తుపట్టి పరీక్ష పాసయ్యారాయన. ఇప్పటిదాకా దోమని తప్ప దేన్నీ చంపలేదు. మన ఊళ్ళో షాట్‌గన్ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న గార్డు ఒళ్ళోని డబుల్ బ్యారెల్. ఇక్కడ అదే తుపాకీ, పిల్లల స్కూలు క్లబ్బుల్లోకి వచ్చేసింది.

నిజంగా ప్రాణం పోసుకుంటున్నది అక్కడే. 2001లో మిన్నెసోటాలో మొదలైన హైస్కూల్ క్లే షూటింగ్ లీగ్, అంటే గాల్లోకి ఎగరేసిన పళ్ళేల్ని కొట్టే పోటీ, ఇవాళ డజన్ల రాష్ట్రాలకి పాకింది, వేల మంది పిల్లలు స్కూలు పేరు రాసిన చొక్కాలతో పోటీ పడుతున్నారు. హైదరాబాదీ కైనన్ చెనాయ్ రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిన ఆట కూడా ఈ కుటుంబానిదే. తుపాకులూ మారాయి. చేత్తో లాగే పంపు స్థానంలో దానంతట అదే తూటా మార్చుకునే సెమీ ఆటోమేటిక్ వస్తోంది. వాటిలో చవకైనవి టర్కీ దేశం నుంచి, కోన్యా ప్రాంతపు చిన్న ఊళ్ళ నుంచి ఓడలకొద్దీ దిగుతున్నాయి. టర్కీ కోళ్ళ వేటకి టర్కీ తుపాకీ! ఆ వేటకి పెద్ద గొట్టపు 12 గేజ్ తుపాకీ కూడా అక్కర్లేకుండా పోయింది. సీసం కంటే ఎంతో బరువైన టంగ్‌స్టన్ గుళ్ళు వచ్చాక, చిన్నపిల్లల తుపాకీ అని వెక్కిరించిన సన్న గొట్టపు .410తోనే కొడుతున్నారు.

రెండు వందల డాలర్లకి అమ్మని ఆ తుపాకీ వారం రోజులు ఆయన గరాజ్‌లోనే ఉంది. ఆదివారం క్లే రేంజ్‌కి వెళ్దామన్నారు. అక్కడ పక్కవీధి తెలుగువాళ్ళ అమ్మాయి, పదకొండో తరగతి, తన టర్కీ సెమీ ఆటోతో పాతిక్కి ఇరవై రెండు కొట్టి కూర్చుంది. వాళ్ళ నాన్న చెవులకి మఫ్‌లు పెట్టుకునే పులిహోర డబ్బా మూత తీస్తున్నాడు. పెద్దాయన 870 ఇచ్చి ఒకసారి కొట్టి చూడమ్మా అన్నారు. ఆ అమ్మాయి భుజానికెత్తి "పుల్" అని అరిచింది. నారింజ రంగు పళ్ళెం ఎగిరింది. పేరుకే క్లే, నిజానికి సున్నపురాయి పొడీ తారూ కలిపి పోసింది. మొదటిది గాల్లోనే పొడైంది. ఆ చప్పుడుకే రెండోది లేచింది. ట్రిగ్గర్ నొక్కింది, పలకలేదు. మళ్ళీ నొక్కింది. పళ్ళెం చెక్కుచెదరకుండా వెళ్ళి గడ్డిలో వాలింది.

"అంకుల్, ఇది పాడైపోయినట్టుంది," అంది తెలుగులో, ఈ వ్యాసకర్త వైపు తిరిగి.

పెద్దాయనకి భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. దగ్గరికెళ్ళి, గొట్టం కిందున్న చెక్కపిడి మీద ఆ అమ్మాయి చెయ్యి పెట్టించి, వెనక్కి లాగి ముందుకి తోయించారు. ఖాళీ తూటా ఎగిరి వచ్చి పులిహోర డబ్బా పక్కన పడింది.

"ప్రతిసారీ ఇలా లాగాలా?"

ప్రతిసారీ, అన్నారాయన.